వీపు వెనుక పంఖా

ఉర్దూలో ‘పంఖ్’ అనగా పక్షి రెక్క. ‘పంఖా’ అనగా గాలి విసిరే సాధనం. రెండింటికీ మూలం సంస్కృతంలోని ‘పక్ష’ శబ్దమే. తెలుగువారు ఆ మాటను ‘పంకా’గా చేసుకొని, ఇంటికప్పుకు వేలాడదీసి, దానికి పక్షితో గల బంధుత్వాన్ని మరచిపోయారు. ఉర్దూ తరగతికీ తెలుగు తరగతికీ నడుమ ఒక వరండా మాత్రమే అడ్డమున్న మా కళాశాలలో ఇట్టి మాటల రాకపోకలు వింత కాదు. కాని భౌతికశాస్త్రం బోధించే నేను ఈ మాటను గూర్చి తీరికగా ఆలోచించుటకు కారణం వేరు. కిందటి సంవత్సరం మా పూర్వ విద్యార్థి ఒకనికి పారామోటార్ ప్రొపెల్లర్ కొనిపెట్టే పని నా మీద పడింది.

ప్రొపెల్లర్ అంటే గాలిలో దిగబడే మరమేకు అని చాలామంది తలంపు. రైట్ సోదరులు కూడా మొదట ఓడల ప్రొపెల్లర్లను గూర్చిన గ్రంథాలు తిరగవేశారు. ఓడ నిర్మాతలు అనుభవం మీద చేస్తున్నారే తప్ప, ఆకారాన్ని ముందుగా లెక్కకట్టే సిద్ధాంతం వారికి అక్కడ లభించలేదు. చివరకు ఆ సోదరులు గ్రహించినదేమనగా, ప్రొపెల్లర్ అనునది గుండ్రంగా తిరిగే విమానపు రెక్కయే. రెక్క పైకెత్తే బలాన్ని ఇస్తే, ఇది ముందుకు తోసే బలాన్ని ఇస్తుంది. ఆ ఆలోచనతో స్ప్రూస్ చెక్క పొరలను అతికి, ఎనిమిదిన్నర అడుగుల పొడవున చేతితో చెక్కిన రెండు ప్రొపెల్లర్లే 1903 డిసెంబరు 17న వారి విమానాన్ని తోసినవి. ఇంజను శక్తిలో నూటికి డెబ్బదియైదు పాళ్ల వరకు అవి తోపుడుగా మార్చగలిగెనని తరువాతి పరీక్షలలో తేలింది. ఉర్దూ భాష ఏనాడో ఒకే మాటలో దాచుకొన్న బంధుత్వాన్ని అమెరికాలోని ఇద్దరు సైకిళ్ల వర్తకులు లెక్కలతో తిరిగి కనుగొన్నారని చెబితే మా ఉర్దూ ఆచార్యులు ఎంతో సంతోషించారు. ఆ సంతోషంలో ఆయన నాకు రెండు సార్లు చాయ్ తెప్పించారు కూడ.

పారామోటార్‌ను చూడనివారికి ఒక మాట. పారాగ్లైడర్ అనే గుడ్డ రెక్క కింద మనిషి పట్టీలలో కూర్చుని వేలాడుతాడు. అతని వీపున ఒక చిన్న ఇంజను, దాని వెనుక ప్రొపెల్లర్, దాని చుట్టూ వల అల్లిన పంజరం ఉంటాయి. అతడు తన కాళ్లతోనే పరుగెత్తి లేస్తాడు, తన కాళ్ల మీదనే దిగుతాడు. మహబూబ్‌నగర్‌లో 2021 జనవరిలో పారామోటార్ పోటీలు జరిగినపుడు మన ప్రాంతపు జనం చాలమంది దీనిని మొదటిసారి దగ్గరగా చూశారు. మా విద్యార్థి తగిన శిక్షణ పొంది, అనుమతి దొరికిన చోట్ల ఉత్సవాలలో ఎగురుతూ, ప్రకటనల పతాకాలు గాలిలో లాగుతూ జీవనం సాగిస్తున్నవాడు. తండ్రి పాతబస్తీలో పేరున్న వడ్రంగి మిస్త్రీ. ఇంటిలో పెండ్లి కావలసిన చెల్లెలు ఉన్నది. సంక్రాంతి పండుగల రోజులే అతనికి రాబడి కాలం.

ఆ కాలం ఇంక రెండు నెలలున్నదనగా అతని ప్రొపెల్లర్ విరిగింది. సైలెన్సర్‌ను పట్టి ఉంచే స్ప్రింగు ఒకటి తెగి వెనుకకు పోయింది. పంకా ముందున్న విమానంలో ఊడిన మేకు వెనుక ఎక్కడో రాలిపోతుంది. పంకా వెనుకనున్న ఈ యంత్రంలో మాత్రం ఊడిన ప్రతి వస్తువూ పంకాలోనికే పోతుంది. మేకు, స్ప్రింగు, జేబులోని తాళంచెవి, మెడలోని రుమాలు, అన్నిటికీ దారి అదే. అతడు తక్కువ ఎత్తున ఉన్నాడు గనుక ఇంజను ఆపి క్షేమంగా దిగాడు. విరిగిన ముక్కలను గోనెసంచిలో వేసుకొని నేరుగా మా ప్రయోగశాలకు వచ్చాడు.

“సార్, ఈసారి 130 కొందామనుకుంటున్నాను. ఐదు సెంటీమీటర్లు పెద్దది. బలం ఎక్కువ వస్తుందంటున్నారు” అన్నాడు. అతని పాతది 125 సెంటీమీటర్లది. అమ్మకందారులలో ఒకరు అతనికి టెలిఫోనులో ఈ సలహా ఇచ్చారట. సలహాలో సత్యం లేకపోలేదు. ఎక్కువ గాలిని మెల్లగా తోయుట తక్కువ గాలిని వేగంగా తోయుట కంటె లాభదాయకమని 1865లో రాంకిన్ చూపిన సిద్ధాంతమే దీనికి ఆధారం. ఇంజను శక్తి మారనిచో, నిలిచి ఉన్నప్పటి తోపుడు వ్యాసంతో పాటు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నదే ప్రశ్న. నల్లబల్ల మీద లెక్క వేశాము. 125 నుండి 130కి పోతే, ఆదర్శ పరిస్థితిలో కూడ లాభం నూటికి మూడు పాళ్లకు లోపే.

నష్టం సంగతి చూడండి. ఒకే ఆకారం గల ప్రొపెల్లర్ తాగే శక్తి, వేగపు ఘనాన్ని, వ్యాసపు ఐదవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. వ్యాసం నూటికి నాలుగు పాళ్లు పెరిగితే, అదే వేగంతో త్రిప్పుటకు ఇరువదిరెండు పాళ్ల అదనపు శక్తి కావాలి. అంత శక్తి ఇంజనులో లేదు కనుక వేగం పడిపోతుంది. అతని ఇంజను నిమిషానికి 7,800 చుట్లు తిరుగుతుంది, సుమారు 2.7 నిష్పత్తి గల గేర్లు దానిని ప్రొపెల్లర్ వద్ద 2,900కు తగ్గిస్తాయి. పెద్ద పంకా తగిలిస్తే ఇంజను 7,300 దగ్గరనే నిలిచిపోతుంది. టూ స్ట్రోక్ ఇంజను తన మంచి బలాన్ని ఒక ఇరుకు హద్దులోనే ఇస్తుంది. ఆ హద్దుకు దిగువన బరువు మోస్తూ తిరిగితే అనుకున్న శక్తి రాదు, వేడి మాత్రం వస్తుంది. పిచ్ తగ్గించి వేగాన్ని నిలుపుకొనవచ్చు గాని, అప్పుడు అది వేరొక ప్రొపెల్లర్ అవుతుంది, వేరొక లెక్క అవుతుంది. అన్నిటికీ మించి, పంజరానికీ రెక్క కొనకూ నడుమ గల ఎడం ఇరువైపుల రెండున్నర సెంటీమీటర్ల చొప్పున తగ్గుతుంది. పంజరమంటే ఇనుప కోట కాదు, సన్నని గొట్టాల వలయం. పరుగులో వంగుతుంది, పడితే నొక్కుకొంటుంది.

“మరి వాళ్లు డెబ్బై కిలోల తోపుడు అంటున్నారు కదా సార్!” అన్నాడతడు. ఈ కిలోల మాటను గూర్చి నాకు కొంత కోపమున్నది. చీర అంచు చూపి నేత దాచినట్లు, అమ్మకందారులు ఈ ఒక్క అంకెనే ముందు పెడతారు. అది యంత్రాన్ని బల్లకు బిగించి, కదలకుండా నిలిపి కొలిచిన అంకె. ఏ ఎత్తున, ఏ వేడిమిలో కొలిచారో పక్కన వ్రాయనిచో దానికి విలువ లేదు. సముద్రమట్టాన, పదునైదు డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. మన హైదరాబాదు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడ మే నెలలో నలుబదిరెండు డిగ్రీల ఎండలో అదే ఘనమీటరు 1.05 కిలోలకు మించదు. పలుచని గాలిలో ఇంజను శక్తీ తగ్గుతుంది, పంకా తాగే శక్తీ తగ్గుతుంది. కనుక చుట్ల లెక్క ఇంచుమించు మారదు, చూచేవానికి అంతా బాగున్నట్లే ఉంటుంది. తోపుడు మాత్రం డెబ్బది నుండి అరువదికి దిగుతుంది. శీతదేశంలో ఇరువది అడుగుల పరుగుతో లేచినవాడు మన పొలాలలో మధ్యాహ్నం వేళ ఎంత పరుగెత్తవలెనో ఆ అంకె చెప్పదు. ఉదయమే ఎగురుట, బరువు తగ్గించుకొనుట, తగిన గుడ్డ రెక్కను ఎంచుకొనుట — వీటివల్ల దొరికే లాభం ఐదు సెంటీమీటర్ల చెక్కతో దొరకదు. మరునాడు అతడు 130 మాట ఎత్తలేదు.

ఇంతలో అతని తండ్రి స్వయంగా కళాశాలకు వచ్చారు. ముక్కలను బల్ల మీద పేర్చి, పొరలను వ్రేలితో లెక్కించి, వంపును అరచేతితో తడిమి చూశారు. “పంఖాచ్ హై నా సాబ్, లక్డీకాచ్ హై నా! నమూనా ఉన్నది. మంచి సాగ్వాన్ తెచ్చి వారం రోజుల్లో దించేస్తాను” అన్నారు. పంకాయే కదా, కొయ్యదే కదా అని వారి ధీమా. ఆ చేతుల పనితనాన్ని నేనెరుగుదును. మా ప్రయోగశాల బీరువాలు వారు చేసినవే. కాదనుట ఎట్లు?

కాదనలేదు. లెక్క వేసి చూపాను. విరిగిన వాటిలో సంపూర్ణంగా ఉన్న ఒక వైపును తూచితే 400 గ్రాములు వచ్చింది. దాని గురుత్వకేంద్రం ఇరుసు నుండి 25 సెంటీమీటర్ల దూరాన ఉన్నది. నిమిషానికి 2,900 చుట్ల వద్ద ఆ రెక్క మధ్యభాగాన్ని పట్టి బయటికి లాగే బలం 940 కిలోల బరువుకు సమానం. అనగా తొమ్మిది క్వింటాళ్లకు పైబడిన మాట. రెక్క కొన వేగం సెకనుకు 190 మీటర్లు, గంటకు దాదాపు 680 కిలోమీటర్లు. ఆ కొన నుండి మనిషి మోచేతికి మధ్య ఉన్నది కొన్ని అంగుళాల ఎడం, ఒక దారపు వల. 2014లో ‘బి.ఎం.జె. ఓపెన్’ అనే వైద్య పత్రిక పారామోటార్ ప్రమాదాల నివేదికలను 384 పరిశీలించి ప్రచురించిన వ్యాసంలో ఎక్కువగా గాయపడిన అవయవాలు చేతులేనని తేలింది. తిరిగే ప్రొపెల్లర్ శరీరానికి తగులుట వాటి ముఖ్య కారణాలలో ఒకటి.

మిస్త్రీ సాహెబు చాలసేపు మౌనంగా కూర్చున్నారు. తరువాత ఒక్కటే అడిగారు: “ఈ పొరల నడుమ జిగురు ఏమిటి?” ఆ తయారీదారులు వాడేది ఏదో, ఎంత ఒత్తిడిలో ఎన్ని గంటలు బిగించి ఉంచుతారో నేను చెప్పలేకపోయాను. “నా దుకాణంలో తొమ్మిది క్వింటాళ్ల జిగురు లేదు” అని ఆయనే లేచారు. ఒక పనివాడు తన పనికి తానే హద్దు గీసుకొనగా చూచుట నాకు తరచు లభించే అదృష్టం కాదు.

కొత్తది విదేశం నుండి తెప్పించాలంటే పన్నులతో, రవాణా ఖర్చుతో కలిపి పెద్ద మొత్తమే. అందువల్ల మరొక నగరంలోని ఒక వ్యక్తి సగం ధరకు ఇస్తానన్న వాడిన ప్రొపెల్లర్ మీదకు మా విద్యార్థి మనసు పోయింది. 125 సెంటీమీటర్లదే, అదే ఇంజనుదే, ఫోటోలలో అద్దం వలె మెరుస్తున్నది. చూచి నచ్చితేనే డబ్బు అన్న షరతు మీద తెప్పించాము. నేను కొలతలు తీశాను, మధ్య రంధ్రం చూశాను, బోల్టుల వృత్తం చూశాను. అన్నీ సరిపోయినవి. కాటాకు పెట్టబోతుంటే తండ్రి దానిని నా చేతినుండి అందుకొని కిటికీ దగ్గరకు తీసుకొనిపోయారు. వెలుగుకు అడ్డంగా త్రిప్పి చూశారు. మొదలు దగ్గర, బోల్టు రంధ్రాలకు నాలుగు వ్రేళ్ల దూరాన, గోటితో తట్టి చెవి ఆనించారు. మరల కొంచెం పక్కన తట్టారు. కొయ్య గీతలు ఒక చోట వచ్చి ఆగి, వ్రేలెడు దూరం దాటి మరల మొదలగుచున్నవి. నడుమ గీతలు కుంచెతో దిద్దినవి.

“ఇదర్ లక్డీ నై హై సాబ్, మసాలా హై” అన్నారు.

రెక్క కొనలో గోరంత దెబ్బ తగిలితే ఎపాక్సీతో నింపి సాపు చేసుకొనవచ్చు. అది అందరూ చేసేదే. మొదలు దగ్గర చీలికకు మాత్రం మరమ్మతు లేదు. రెక్క మొత్తపు లాగుడు వచ్చి చేరేది అక్కడికే. ఆ మెరిసే వార్నిషు కింద ఎవరో ఒక చీలికను పూడ్చి, రంగు వేసి, సగం ధర కట్టారు. కొడుకు ముఖం తెల్లబడింది. తండ్రి కోపగించుకొనలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు, తన కండువా తీసి ఆ వస్తువును జాగ్రత్తగా చుట్టి, “వాపసు పంపు బేటా. పంపే ముందు దీని మీద ‘ఎగరరాదు’ అని ఎర్ర సిరాతో వ్రాయి. వేరేవాళ్ల పిల్లవాడు కొంటాడు” అన్నారు. కొడుకు వ్రాశాడు. అమ్మినవారు దానికి అభ్యంతరం చెప్పి, పాడుచేశారని తగవులాడారు గాని, ఆ కథ ఇక్కడ అనవసరం.

ఇక కొత్తదే కొనవలెనని నిశ్చయమైనది. కార్బన్‌దా, చెక్కదా? కార్బన్ ప్రొపెల్లర్ తేలిక. తిరుగుడు జడత్వం తక్కువ కనుక ఇంజను పిలిస్తే వెంటనే పలుకుతుంది, గేర్ల మీద భారం తక్కువ, తేమకు మారదు. ధర మాత్రం చెక్కదానికి ఇంచుమించు రెట్టింపు. చెక్కది దెబ్బ తగిలితే తాను విరిగి, ఇరుసును కొంతవరకు కాపాడుతుంది. పోటీలలో దిగేవాడు కార్బన్ కొనుట న్యాయమే. రాళ్లు, మొరం గల పొలాలనుండి లేచి, నెలకొక గీత పడే మా వానికి చెక్కదే తగునని నా అభిప్రాయం. రెక్క ముందు అంచుకు రక్షణ పట్టీ అతికించినది కోరుకొమ్మన్నాను. సెకనుకు 190 మీటర్ల వేగాన వానచినుకు కూడ చినుకు వలె ఉండదు. ఇసుకరేణువు సంగతి చెప్పనక్కరలేదు.

తయారీదారుకు వ్రాసిన ఉత్తరంలో ఇంజను పేరు, గేర్ నిష్పత్తి, పంజరపు లోపలి కొలత, బోల్టుల సంఖ్య, వాటి వృత్తపు వ్యాసం, మధ్య రంధ్రం, మనిషి బరువు, ఎగిరే చోటు ఎత్తు అన్నీ పేర్కొన్నాము. తిరిగే దిక్కు దగ్గర కొంత చర్చ జరిగింది. బెల్టుతో నడిచే యంత్రంలో ప్రొపెల్లర్ ఇంజను తిరిగిన దిక్కునే తిరుగుతుంది. ఒక జత గేర్లున్న యంత్రంలో ఎదురు దిక్కున తిరుగుతుంది. పైగా ‘గడియారపు దిక్కు’ అన్నప్పుడు ఎగిరేవాని వైపు నుండి చూచియా, అతని వెనుక నిలిచి చూచియా? ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క విధంగా చెబుతాడు. అందువల్ల మాటలు మాని, వెనుకనుండి తీసిన ఫోటో మీద బాణం గీసి పంపాము.

మూడు వారాలకు పెట్టె వచ్చింది. ప్రయోగశాలలో రెండు కత్తి అంచుల మీద ఇరుసు నిలిపి ప్రొపెల్లర్‌ను తూచాము. ఒక రెక్క మెల్లగా, సిగ్గుపడుచున్నట్లు కిందికి దిగింది. తేడా ఒక గ్రాముకు లోపే. కాని కొన దగ్గర ఒక గ్రాము తేడా ఉంటే, పూర్తి వేగాన అది దాదాపు ఆరు కిలోల బలమై, సెకనుకు నలుబదియెనిమిది సార్లు మనిషి వీపును, ఇంజను బోల్టులను కుదిపివేస్తుంది. మిస్త్రీ సాహెబు తేలిక రెక్క కొన వైపున పలుచని వార్నిషు పూత వేసి, ఆరబెట్టి, మరల తూచి, మరల పూసి, రెండు రోజులు ఆ పని మీదనే కూర్చున్నారు. చివరకు ఏ కోణాన వదిలితే ఆ కోణాన నిలిచిపోయింది. మా విద్యార్థులు వరుసగా వచ్చి తామూ వదిలి చూచి పోయారు. తుల్యతను గూర్చి నేను ఇరువది ఏండ్లుగా చెప్పుచున్న పాఠానికి ఇంతమంది శ్రోతలు ఎన్నడూ రాలేదు.

తరువాత స్పార్క్ ప్లగ్గు టోపీ తీసివేసి, పంజరానికి ఒక పుల్ల కట్టి, ప్రొపెల్లర్‌ను చేతితో త్రిప్పి, రెండు కొనలూ ఆ పుల్ల ముందునుండి ఒకే దారిన పోవుచున్నవని చూశాము. ఇంజను నడిపేటప్పుడు ప్రొపెల్లర్ తిరిగే తలానికి సూటిగా పక్కన ఎవరినీ నిలువనీయలేదు; మిస్త్రీ సాహెబును కూడ దూరంగా పంపవలసి వచ్చింది, ఆయన కొంచెం నొచ్చుకున్నారు. కళాశాల సంఘంవారు కొనిపెట్టిన కాంతి టాకోమీటరుతో కొలిస్తే పూర్తి వేగాన ఇంజను 7,750 చుట్లు చూపింది. తయారీదారు ఇచ్చిన హద్దులలోనే ఉన్నది. చాల ఎక్కువ చూపి ఉంటే పిచ్ తక్కువని, బాగా తక్కువ చూపి ఉంటే పిచ్ ఎక్కువని తెలుసుకొని వాపసు చేసియుందుము. తిరుగుచున్న ఆ పంకా వెనుక పది అడుగుల దూరాన వేపకొమ్మలు తుఫానులో వలె ఊగినవి. సంఘం కార్యదర్శిగారు టాకోమీటరు బిల్లు మీద సంతకం చేసినప్పుడు ఈ ఉపయోగాన్ని ఊహించి ఉండరు.

మొదటి రోజు అతడు పది నిమిషాలే ఎగిరాడు. దిగగానే బోల్టులు పరీక్షించాడు. చెక్క వస్తువు ఎండకు కుదించుకొంటుంది, తేమకు ఉబ్బుతుంది. నిన్న బిగించిన బోల్టు నేడు వదులు కావచ్చును. అందుకని టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన అంకెకే బిగించాలి; బలముంది కదా అని అతిగా బిగిస్తే కొయ్య నలుగుతుంది. మొదటి పరుగు తరువాత ఒకసారి, ఋతువు మారినపుడెల్లా ఒకసారి, మధ్యలో కొన్ని గంటలకొకసారి చూచుకొనవలసినదే.

సాగ్వాన్ చెక్కతో మిస్త్రీ సాహెబు చేసినది చివరకు ప్రొపెల్లర్ కాదు, దానిని పడుకోబెట్టే పెట్టె. గోడకు నిలబెడితే తేమ అంతా కింది రెక్కకు దిగి తూకం చెడుతుందని నేను చెప్పిన మాట విని, అడ్డంగా మాత్రమే తెరచుకొనేటట్లు దానిని నిర్మించారు. లోపల ఎర్ర మఖ్మల్ పరిచారు. మూత లోపలి వైపున, బోల్టులు పరీక్షించిన ప్రతిసారీ కొడుకు చేత వడ్రంగి పెన్సిలుతో ఉర్దూలో తేదీ వ్రాయిస్తారు. వ్రాయనిచో మరునాడు ఉదయం పెట్టె తాళం ఇవ్వరు. మొన్న శుక్రవారం చూచినపుడు అక్కడ పదునొకండు తేదీలున్నవి.